బైబిల్లో మూకుమ్మడి చావులు, దేవుని తీర్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిల్ స్టడీ ఎక్కడ జరిగినా ఇవే డౌట్లు వస్తాయి. సండే స్కూల్ టీచర్లు అడుగుతారు, కాలేజీ పిల్లలు అడుగుతారు, చర్చికి రావడం మానేసినవాళ్ళు అడుగుతారు, క్రైస్తవులు కాని ఫ్రెండ్స్ కూడా అడుగుతారు. చాలాచోట్ల జవాబు చెప్పకుండా "విశ్వాసం తక్కువైంది, ప్రార్థన చేసుకో" అని కూర్చోబెట్టేస్తారు, అందుకే ఆ ప్రశ్న పోదు, ఇంకో పదేళ్ళకి మళ్ళీ లేస్తుంది. చదవడంలో ఏ దశలో ఏ డౌట్ వస్తుందో ఆ వరసలో పెట్టాను. మీకు కావాల్సిన చోటికి నేరుగా వెళ్ళిపోవచ్చు. పేర్లు, పుస్తకాలు మనింట్లో ఉండే పాత తెలుగు బైబిల్లో ఉన్నట్టే రాశాను.

## మొదలుపెట్టే ముందు

ఇలాంటివి అడగడం పాపమా? దేవుణ్ణి ప్రశ్నించకూడదంటారు కదా

ప్రశ్నించడం మొదలుపెట్టిందే అబ్రాహాము. ఆదికాండము 18లో సొదొమ సంగతి దేవుడే ఆయనకి చెప్తాడు, అప్పుడు అబ్రాహాము పక్కకి తప్పుకోకుండా ఎదురుగా నిలబడి, మంచివాళ్ళని చెడ్డవాళ్ళతో కలిపి చంపేస్తావా, "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అడిగేస్తాడు. అక్కణ్ణుంచి బేరం. యాభైమంది మంచివాళ్ళుంటే వదిలేస్తావా? వదిలేస్తాను. అయిదుగురు తగ్గితే? నలభై అయితే? ముప్ఫై? ఇరవై? నేను ధూళిని, బూడిదని అంటూనే ఒక్కో మెట్టూ దింపుకుంటూ పదిదాకా తీసుకొస్తాడు, దేవుడు ఒక్కసారి కూడా నోర్ముయ్ అనడు, ప్రతిసారీ ఒప్పుకుంటాడు. నిర్గమకాండము 32లో మోషే కూడా అంతే, జనాన్ని నాశనం చేస్తానంటే వద్దని వాదించి ఆపుతాడు. ఏ తప్పూ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబు అయితే ఇంకా గట్టిగా మాట్లాడాడు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితులు మాత్రం యోబుదే తప్పన్నారు. చివర్లో (యోబు 42:7) దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద, నా సేవకుడు యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు. నా మటుకు నాకు ఈ విషయం మొత్తానికి తాళంచెవి ఆ వచనమే.

పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, యేసు ప్రేమ. ఇద్దరూ వేరనుకుంటే గొడవే ఉండదు కదా

ఈ మాట రెండో శతాబ్దంలోనే అన్నారు. మార్కియన్ అని నల్లసముద్రం ఒడ్డునుంచి రోముకి వచ్చిన ఓడల వ్యాపారి, హెబ్రీ లేఖనాలన్నీ పక్కన పడేసి, లూకా సువార్తలో కొంత, పౌలు పత్రికలు కొన్ని ఉంచుకుంటే చాలన్నాడు. 144లో రోము సంఘం అతన్ని బయటికి పంపేసింది. ఎందుకంటే టెక్స్ట్ అలా రెండుగా చీలదు. కనికరం, దయ, దీర్ఘశాంతం అనే మాటలు నిర్గమకాండము 34లోవే, నరకం గురించి మత్తయిలో అన్నిసార్లు మాట్లాడింది యేసే. ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది చిన్నది కాదు: "వాళ్ళ దేవుడు క్రూరుడు, మన దేవుడు మంచోడు" అనడం అలవాటైతే అది మెల్లగా యూదుల మీద ద్వేషంగా మారుతుంది, యూరప్‌లో వందల ఏళ్ళు అదే జరిగింది.

యుద్ధాలు మన పురాణాల్లో కూడా ఉన్నాయి కదా, బైబిల్నే ఎందుకు పట్టుకుంటారు?

ఉన్నాయి. ఖాండవ దహనం ఉంది, సౌప్తిక పర్వంలో నిద్రలో ఉన్న ఉపపాండవుల్ని చంపడం ఉంది, వాటి మీద తెలుగువాళ్ళు తరాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. పక్కింట్లో కూడా ఉందని చూపిస్తే మనింట్లో దానికి జవాబు వచ్చినట్టు కాదు. నా గ్రంథాన్ని నేను బాధ్యతగా చదవాలి, వాళ్ళది వాళ్ళు చదువుకుంటారు.

## ఆదికాండము, నిర్గమకాండము దగ్గర

జలప్రళయంలో పసిపిల్లలు ఏం పాపం చేశారు?

ఆ పిల్లల గురించి ఆదికాండము ఏమీ చెప్పదు. చెప్పినట్టు నటించి "వాళ్ళు పెద్దయ్యాక చెడిపోయేవాళ్ళు" అని కథ కల్పించడం తప్పు. అది చెప్పేది వేరే. మెసపొటేమియాలో ఇంకా పాతదైన ప్రళయ కథ ఒకటుంది, అత్రహసీస్ కథ, అందులో మనుషుల గోల ఎక్కువై ఎన్‌లిల్ దేవుడికి నిద్ర పట్టక ప్రళయం పంపిస్తాడు. ఆదికాండములో కారణం నిద్ర కాదు, భూమి బలాత్కారంతో నిండిపోవడం (6:11). దేవుడికి వచ్చింది కూడా ముందు కోపం కాదు, హృదయంలో నొచ్చుకున్నాడని రాసుంది (6:6). ఇంకొకటి చాలామంది గమనించరు: 6:5లో మనిషి హృదయంలో ఊహలన్నీ చెడ్డవే కాబట్టి తుడిచేస్తానంటాడు, నీళ్ళు తీశాక 8:21లో మనిషి ఊహ బాల్యంనుంచీ చెడ్డదే, కాబట్టి ఇక ఎప్పుడూ ఇలా చేయనంటాడు. మనిషి మారలేదు, దేవుడు తీసుకున్న నిర్ణయం మారింది. నోవహు మాత్రం ఎవరి కోసమూ ఒక్క మాట వేడుకోలేదు, యూదుల పాత వ్యాఖ్యానాల్లో దీని మీద ఆయన్ని అబ్రాహాముతో పోల్చి గట్టిగానే అడిగారు.

సొదొమ ఎందుకు కాలిపోయింది? ఒక్కటే కారణం చెప్తారు అందరూ

ఆదికాండము 19లో ఊరి మగాళ్ళంతా గుంపుగా వచ్చి, ఇంటికొచ్చిన అతిథుల్ని బయటికి ఈడ్చి అత్యాచారం చేయబోయారు. అంతకుముందే 18:20లో సొదొమ గురించి మొర పైకి వచ్చిందని ఉంది, మొర అంటే దెబ్బ తిన్నవాళ్ళ ఏడుపు. యెహెజ్కేలు 16:49 అయితే లిస్టే ఇస్తాడు: గర్వం, కడుపునిండా తిండి, నిశ్చింత, దీనులకి పేదలకి సాయం చేయకపోవడం, ఆ తర్వాత వచనంలో హేయకృత్యాలు కూడా అంటాడు. పులిపిట్ మీద ఈ చివరిది ఒక్కటే వినిపిస్తుంది, తిండి ఉండీ పెట్టకపోవడం అన్నది మిస్ అయిపోతుంది.

ఐగుప్తులో తొలిచూలు పిల్లలు చనిపోవడం న్యాయమా? ఫరో చేసిన దానికి వాళ్ళకేంటి సంబంధం?

నిర్గమకాండము 12:29 దాచకుండా చెప్తుంది, సింహాసనం మీద కూర్చున్న ఫరో పెద్దకొడుకు దగ్గర్నుంచి చెరసాల్లో ఉన్న ఖైదీ పెద్దకొడుకు దాకా. చెరసాల్లో ఉన్నవాడికి ఫరో విధానాల్లో ఏం పాత్ర ఉంది? ఈ ప్రశ్న మనమే మొదట అడిగామనుకోవద్దు, నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగొరీ బిషప్ అయ్యుండి రాశాడు, తండ్రి దుర్మార్గానికి చంటిబిడ్డ చస్తే న్యాయం ఎక్కడుంది అని, అందుకే దాన్ని మనలో పాపాన్ని మొలకలోనే తుంచడంగా చదవాలన్నాడు. కథలో మొదట నదిలో పడేసింది హెబ్రీ మగపిల్లల్ని అన్నది నిజం (1:22), కానీ అది కారణం చెప్తుందే తప్ప ఆ బిడ్డ విషయంలో సమాధానం చెప్పదు.

యూదుల ఇళ్ళలో పస్కా రాత్రి ఏం చేస్తారో చూస్తే నాకు ఎక్కువ అర్థమైంది. ఐగుప్తు మీదికి వచ్చిన పది తెగుళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చదువుతూ ఒక్కో పేరుకి గిన్నెలోంచి ఒక్కో చుక్క ద్రాక్షారసం వేలితో తీసి పళ్ళెంలో విదిలిస్తారు. మన విడుదల కోసం ఇంకొకరు చచ్చారు కాబట్టి మన గిన్నె నిండుగా ఉండకూడదు అని పిల్లలకి వివరిస్తారు. యూదు మతగురువుల పాత చర్చల గ్రంథం తల్మూదులో (మెగిల్లా 10బి) ఇంకో మాట ఉంది, ఎర్రసముద్రంలో ఐగుప్తీయులు మునిగిపోతుంటే దేవదూతలు పాట పాడబోయారట, నా చేతులు చేసినవాళ్ళు సముద్రంలో మునిగిపోతుంటే మీరు పాడతారా అని దేవుడు ఆపేశాడట.

## యెహోషువ దగ్గర ఆగిపోయినవాళ్ళకి

కనానీయులందర్నీ చంపమని దేవుడే చెప్పాడా? సూటిగా చెప్పండి

టెక్స్ట్ ప్రకారం అవును. ద్వితీయోపదేశకాండము 7లో ఏడు జనాంగాల పేర్లు చెప్పి నిర్మూలం చేయమంటుంది, 20:16లో ఆ పట్టణాల్లో ఊపిరి ఉన్న దేన్నీ బతకనివ్వొద్దంటుంది. దీన్ని మెత్తగా చేసి చెప్పేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, విన్నవాడు ఇంటికెళ్ళి తెరిచి చదువుకుంటాడు, అప్పుడు నమ్మకం రెండింతలు పోతుంది. అదే చాప్టర్ 7లో తర్వాతి వచనాల్లో వాళ్ళతో నిబంధన చేసుకోవద్దు, పెళ్ళిళ్ళు చేసుకోవద్దు, బలిపీఠాలు పడగొట్టండి అని ఉంది. అందరూ చచ్చిపోతే పెళ్ళి ఎవరితో? అందుకే చాలామంది పండితులు అక్కడ అసలు గురి విగ్రహారాధన మీద అంటారు. అది కొంత నిజమే, కానీ చాప్టర్ 20 అలా తేలిపోదు.

కనానీయులు పిల్లల్ని బలిచ్చేవాళ్ళు, కాబట్టి శిక్ష కరెక్టే అంటారు. నిజమేనా?

బైబిల్ ఆ ఆరోపణ చేస్తుంది (ద్వితీయోపదేశకాండము 12:31). ఆదికాండము 15:13-16లో అమోరీయుల పాపం ఇంకా నిండలేదు, నాలుగు వందల ఏళ్ళు ఆగాలి అని కూడా ఉంది, అంటే తొందరపాటు తీర్పు కాదని చూపించడానికే. ఈ జవాబు చెప్పేవాళ్ళు రెండు విషయాలు వదిలేస్తారు. ఒకటి, పిల్లల్ని బలిస్తున్నారని అదే పిల్లల్ని కత్తికి అప్పగించడం బలైన పిల్లలకి న్యాయం ఎలా అవుతుంది? రెండోది, యూదా రాజులు ఆహాజు, మనష్షే కూడా కొడుకుల్ని అగ్నిలో దాటించారు (2 రాజులు 16, 21). కనానీయుల్ని ఏ నేరానికి వెళ్ళగొట్టారో అదే నేరానికి ఇశ్రాయేలు కూడా దేశంలోంచి వెళ్ళిపోయింది, లేవీయకాండము 18:28 ముందే చెప్పింది, ఆ దేశం వాళ్ళని కక్కినట్టే మిమ్మల్నీ కక్కుతుందని. అది జాతి మీద తీర్పు అని చదివితే సగం పుస్తకం అర్థం కాదు.

నిజంగా అందర్నీ చంపేశారా? తర్వాత పుస్తకాల్లో కనానీయులు మళ్ళీ కనిపిస్తారేంటి?

మీరు కరెక్టుగా పట్టుకున్నారు. యెహోషువ 10:40లో ఒక్కణ్ణి కూడా మిగల్చలేదు అనుంటుంది. 10వ అధ్యాయంలో హెబ్రోను, దెబీరు ఊళ్ళు పూర్తిగా నాశనం, 15వ అధ్యాయానికి వచ్చేసరికి కాలేబు వెళ్ళి హెబ్రోనులోంచి అనాకీయుల్ని వెళ్ళగొడుతుంటాడు, దెబీరుని పట్టుకున్నవాడికి కూతుర్నిచ్చి పెళ్ళి చేస్తానంటాడు. 15:63లో యెరూషలేములో యెబూసీయుల్ని తోలెయ్యలేకపోయారని ఒప్పుకుంటుంది. న్యాయాధిపతులు 1వ అధ్యాయం రెండో సగం ఎవరెవర్ని వెళ్ళగొట్టలేదో వరసగా చెప్తుంది.

ఆ కాలం రాజులు గెలుపు గురించి రాయించే పద్ధతే అది. ఐగుప్తు రాజు మెర్నెప్తా దాదాపు క్రీ.పూ. 1208లో ఒక రాయి మీద ఇశ్రాయేలు పాడైపోయింది, దాని విత్తనం లేదు అని చెక్కించాడు. అంటే బైబిల్ బయట ఇశ్రాయేలు పేరు మొదటిసారి కనిపించేది వాళ్ళు అయిపోయారు అన్న వార్తలోనే. ఇంకోటి మోయాబు రాజు మేషా శాసనం, 1868లో జోర్డాన్‌లోని దిబాన్ దగ్గర నల్లరాయి మీద దొరికింది, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది, క్రీ.పూ. 840 ప్రాంతంది. అందులో మేషా అంటాడు: మా దేవుడు కెమోషు నాతో, నువ్వు వెళ్ళి నెబో ఊరిని ఇశ్రాయేలు నుంచి పట్టుకో అన్నాడు, రాత్రి బయల్దేరి తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా పోరాడాను, మగ ఆడ తేడా లేకుండా 7,000 మందిని చంపి దేవుడికి అర్పితం చేశాను. యెహోషువలో ఉన్న ఆచారమే, అదే తరహా మాటలు, ఈసారి చచ్చినవాళ్ళు ఇశ్రాయేలీయులు. ఆ శాసనంలోనే ఇశ్రాయేలు శాశ్వతంగా నశించింది అని కూడా ఉంది, నశించలేదని మనకి తెలుసు.

తవ్వకాల్లో ఏం బయటపడింది?

యెరికోలో 1930ల్లో జాన్ గార్‌స్టాంగ్ తవ్వి కూలిన గోడలు దొరికాయన్నాడు, 1952 నుంచి 1958 దాకా కాథ్లీన్ కెన్యన్ మళ్ళీ తవ్వి ఆ గోడలు అంతకంటే చాలా పాతవని తేల్చింది. ఆమె లెక్కలో పెద్ద పట్టణం క్రీ.పూ. 1550 ప్రాంతంలోనే నాశనమైంది, యెహోషువ కాలంగా ఎక్కువమంది పెట్టే 13వ శతాబ్దంలో అక్కడ గోడలున్న పట్టణం లేదు. యెహోషువ 8లోని హాయి అనే ఊరు ఇదే అనుకునే ఎట్‌తెల్ దిబ్బ ఆ కాలానికి వెయ్యేళ్ళుగా ఖాళీ. యెహోషువ 11లో తగలబెట్టారని ఉన్న హాసోరు మాత్రం 13వ శతాబ్దంలో భయంకరంగా తగలబడింది, 1950ల్లో యిగాయెల్ యాదీన్ తవ్వించినప్పుడు ఆ బూడిద బయటపడింది, ఎవరు తగలబెట్టారన్న దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. క్రీ.పూ. 1200 తర్వాత కొండప్రాంతంలో చిన్నచిన్న ఊళ్ళు చాలా పుట్టుకొచ్చాయి, వాటి కుండలు కనానీయుల కుండల్లానే ఉన్నాయి, అందుకే ఇశ్రాయేలీయుల్లో ఎక్కువభాగం కనానులోంచే వచ్చినవాళ్ళని ఇప్పుడు చాలామంది ఆర్కియాలజిస్టుల అభిప్రాయం.

అయితే జరగలేదు కాబట్టి సమస్య లేనట్టేనా?

లేదు, సమస్య అలాగే ఉంది. జరిగినా జరగకపోయినా దేవుడు ఇలా ఆజ్ఞాపించాడు అని పవిత్ర గ్రంథంలో రాసుంది, తర్వాత వాళ్ళు దాన్ని చదివి నిజంగా చేశారు.

సంఖ్యాకాండము 31లో మిద్యాను ఆడపిల్లల సంగతి ఎవరూ మాట్లాడరెందుకు?

మాట్లాడ్డం కష్టం కాబట్టి. మోషే మగపిల్లల్ని, మగాళ్ళని ఎరిగిన ఆడవాళ్ళని చంపమని, ఎరగని ఆడపిల్లల్ని మీకోసం ఉంచుకోమని అంటాడు (31:17-18). వాళ్ళని పనివాళ్ళుగా మాత్రమే ఉంచుకున్నారని కొందరు చెప్తారు, టెక్స్ట్ అలా అనదు, లెక్కల్లో వాళ్ళని పశువుల తర్వాత, కొల్లసొమ్ములో చేర్చింది. గమనించాల్సింది ఒకటుంది, ఈ మాట మోషే కోపంలో అన్నాడనే ఉంది, దేవుడు అన్నాడని ఆ వచనాల్లో లేదు. అయినా ఆ తర్వాత కొల్ల పంచే పద్ధతి యెహోవా చెప్పినట్టే ఉంది, కాబట్టి దాని మీద మొత్తం బరువు మోపలేం. నాకు ఈ అధ్యాయానికి సమర్థన లేదు, ఎవరైనా సమర్థిస్తుంటే ఆ పిల్లల్లో ఒకతె వైపునుంచి ఒకసారి చదవమని అడుగుతాను.

## సమూయేలు, రాజులు చదివేటప్పుడు

అమాలేకీయుల పసిపిల్లల్ని కూడా చంపమన్నాడు. యూదులు దీన్ని ఎలా చదువుతారు?

అమాలేకీయులంటే ఐగుప్తునుంచి వస్తున్న ఇశ్రాయేలు మీద దారిలో దాడి చేసిన జాతి. 1 సమూయేలు 15:3లో పురుషుల్ని స్త్రీల్ని, బాలురని, పాలు తాగే పిల్లల్ని, ఎద్దుల్ని గొర్రెల్ని అని విడివిడిగా పేర్లు పెట్టి ఉంది. సౌలు మాత్రం అమాలేకీయుల రాజు అగగుని, మంచి పశువుల్ని మిగిల్చాడు, అందుకు రాజ్యం పోయింది. యూదు రబ్బీలు ఇక్కడ ఊరికే దాటిపోలేదు. తల్మూదులో (యోమా 22బి) సౌలు దేవుడితో వాదిస్తాడు: పెద్దలు పాపం చేస్తే పిల్లలేం చేశారు, మనుషులు చేస్తే పశువులేం చేశాయి? ఆకాశంనుంచి స్వరం వస్తుంది, మరీ అంత నీతిమంతుడివి కావొద్దని. అదే సౌలు తర్వాత దోయేగుకి చెప్పి నోబు యాజకులు 85 మందిని చంపించినప్పుడు మళ్ళీ స్వరం వస్తుంది, మరీ అంత దుర్మార్గుడివి కావొద్దని. వాదన ఎవరు గెలిచారో తేల్చకుండా వదిలేశారు, కానీ ఆ ప్రశ్నని రాజు నోట్లో పెట్టి మరీ భద్రం చేశారు.

ఆచరణలో మాత్రం తలుపు మూసేశారు. అష్షూరు రాజు సన్హెరీబు వచ్చి జనాంగాలన్నిటినీ కలగాపులగం చేశాడు, ఇప్పుడు ఎవరు ఏ జాతో చెప్పలేం అని తల్మూదుకి మూలమైన మిష్నాలో ఉంది. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ ఇంకా ముందుకెళ్ళి, ఏడు జనాంగాలకైనా అమాలేకుకైనా ముందు సమాధానం అడగకుండా యుద్ధం చేయకూడదని రాశాడు. ఎస్తేరు పుస్తకంలో యూదుల్ని చంపించాలని చూసిన హామాను వంశంవాళ్ళు బ్నేయ్ బ్రాక్‌లో తోరా, అంటే ధర్మశాస్త్రం, నేర్పించారని తల్మూదులో ఒక మాట ఉంది, హామాను అంటే ఆ అమాలేకు రాజు అగగు వంశంవాడే.

తండ్రి తప్పుకి పిల్లలకి శిక్షా? ఒకచోట అవునంటుంది, ఒకచోట కాదంటుంది

రెండూ ఉన్నాయి. మూడు నాలుగు తరాల దాకా దోషం తెప్పిస్తానని పది ఆజ్ఞల్లో ఉంది. కొడుకుల దోషానికి తండ్రుల్ని, తండ్రుల దోషానికి కొడుకుల్ని చంపకూడదని ద్వితీయోపదేశకాండము 24:16లో ఉంది, యెహెజ్కేలు 18 అయితే అధ్యాయమంతా దానిమీదే.

ఈ గొడవ ఒక మనిషి మీద పడితే ఎలా ఉంటుందో 2 సమూయేలు 21లో చూడండి. మూడేళ్ళు కరువు. కారణం ఏంటంటే సౌలు గిబియోనీయుల్ని చంపించడం. గిబియోనీయులు ఎవరు? చంపమన్న కనాను జనాల్లోవాళ్ళే, యెహోషువ దగ్గర ప్రమాణం తీసుకుని బతికినవాళ్ళు. అంటే కనానువాళ్ళని చంపినందుకు ఇశ్రాయేలు మీదికి తీర్పు వచ్చింది, దీన్ని ఎందుకో ఎవరూ ప్రసంగం చేయరు. దానికి పరిహారంగా దావీదు సౌలు వంశంలో ఏడుగుర్ని అప్పగిస్తాడు, వాళ్ళని కొండ మీద చంపేస్తారు. వాళ్ళలో ఇద్దరు సౌలు ఉపపత్ని రిస్పా కొడుకులు. రిస్పా గోనెపట్ట తీసుకెళ్ళి బండ మీద పరచుకుని, యవలకోత మొదలైనప్పట్నుంచి వర్షం పడేదాకా అక్కడే ఉండి, పగలు పక్షుల్ని, రాత్రి అడవి జంతువుల్ని శవాల దగ్గరికి రానివ్వలేదు. ఆ సంగతి దావీదు చెవిన పడింది, అప్పుడు వెళ్ళి ఆ ఎముకలతోపాటు సౌలు యోనాతానుల ఎముకలు కూడా తెప్పించి పాతిపెట్టించాడు. దేవుడు దేశం కోసం చేసిన విన్నపం విన్నాడు అన్న వాక్యం ఆ ఏడుగురు చచ్చిన దగ్గర లేదు, ఈ సమాధి చేసిన తర్వాత ఉంది (21:14).

ఎలీషా బోడివాడా అన్నందుకు 42 మంది పిల్లల్ని ఎలుగుబంట్లు చీల్చేశాయా?

2 రాజులు 2:23-24. వాళ్ళు చిన్నపిల్లలు కాదు యువకులు అని సర్దిచెప్తారు, తెలుగులో బాలురనే ఉంది. ప్రవక్త మాటకి ఎంత బలముందో చూపించే పాత కథ అది. ఎలీషా అదే బలంతో తర్వాత అప్పుల్లో ఉన్న విధవరాలి ఖాళీ పాత్రల్లో నూనె నింపాడు, చచ్చిన పిల్లాణ్ణి లేపాడు. అంతకంటే దీనిమీద చెప్పడానికి నా దగ్గర లేదు.

## కీర్తనలు, ప్రవక్తలు

పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడు అని ప్రార్థనలో ఉండటమేంటి?

కీర్తన 137 చివరి వచనం. ఇది దేవుడి ఆజ్ఞ కాదు, దెబ్బ తిన్నవాళ్ళ నోటినుంచి వచ్చిన శాపం. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోనువాళ్ళు యెరూషలేముని తగలబెట్టి జనాన్ని ఈడ్చుకెళ్ళారు, అక్కడ నది ఒడ్డున మీ ఊరి పాట ఒకటి పాడండి అని అడిగారు. తమ పిల్లలకి జరిగింది చూసినవాళ్ళు అలా అరిచారు. కత్తి వాళ్ళ చేతిలో లేదు, కోపాన్ని దేవుడి ముందు కక్కారు. క్యాథలిక్ సంఘం 1970ల్లో తన నిత్య ప్రార్థనల పుస్తకంలోంచి ఈ వచనాలు, ఇంకా 58, 83, 109 కీర్తనలు తీసేసింది. నాకైతే ఉంచడమే నయమనిపిస్తుంది, యుద్ధంలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఆ మాటలు లోపల అనుకుంటూనే ఉంటుంది, ప్రార్థనలో చోటు లేకపోతే ఇంకెక్కడ పెట్టుకుంటుంది?

దేవుడు ఇశ్రాయేలు పక్షపాతి కాదా?

యెరికో ముందు యెహోషువ కత్తి దూసిన ఒకాయన్ని చూసి, నువ్వు మా పక్షమా, మా శత్రువుల పక్షమా అని అడుగుతాడు. కాదు, యెహోవా సేనాధిపతిగా వచ్చానంటాడు (5:14). రెండిట్లో ఏదీ కాదన్నమాట. ఆమోసు ఇంకా గట్టిగా చెప్పాడు. మొదటి రెండు అధ్యాయాల్లో చుట్టుపక్కల దేశాల యుద్ధ నేరాలు చదువుతాడు, గిలాదులో గర్భిణుల కడుపులు చీల్చారని అమ్మోనీయుల్ని తిడతాడు, వినేవాళ్ళంతా బాగుంది బాగుంది అనుకునేలోపు అదే వరసలో యూదా, ఆ తర్వాత ఇశ్రాయేలు పేరు వస్తుంది, చెప్పులజోడు కోసం బీదల్ని అమ్మేస్తున్నారని. 9:7లో మీరు నాకు కూషీయులలాంటి వాళ్ళే కదా, ఐగుప్తునుంచి మిమ్మల్ని రప్పించినట్టే ఫిలిష్తీయుల్ని కఫ్తోరునుంచి రప్పించాను కదా అంటాడు. ఉత్తర రాజ్యం క్రీ.పూ. 722లో, దక్షిణ రాజ్యం ఇంకో 136 ఏళ్ళకి పోయాయి, బైబిల్ ఆ రెండిటినీ శత్రువు బలం అని రాయలేదు, మా మీద తీర్పు అని రాసుకుంది.

## కొత్త నిబంధన

యేసు ఈ హింస గురించి ఏమన్నాడు?

యెహోషువ గురించి ఆయన నేరుగా మాట్లాడినట్టు సువార్తల్లో లేదు, చేసింది చూడాలి. నజరేతులో యెషయా 61 చదువుతూ యెహోవా హితవత్సరం, అంటే దయ చూపే ఏడాది, అన్న దగ్గర ఆపేశాడు, అక్కడ తర్వాతి మాట ప్రతిదండన దినం, అంటే పగ తీర్చుకునే రోజు (లూకా 4). సమరయ ఊరివాళ్ళు రానివ్వలేదని యాకోబు యోహానులు ఆకాశంనుంచి అగ్ని రప్పించమంటారా అంటే వాళ్ళనే గద్దించాడు (లూకా 9). మత్తయి 15లో కూతురి కోసం ఏడుస్తూ వచ్చిన ఆవిడని కనాను స్త్రీ అని రాశాడు, ఆ కాలానికి ఎవరూ వాడని పేరు, మార్కు సురోఫెనికయ స్త్రీ అన్నాడు. మొదట కఠినంగానే మాట్లాడాడు, చివరికి నీ విశ్వాసం గొప్పది అని పంపించాడు. మత్తయి మొదటి అధ్యాయంలోనే యేసు వంశావళిలో, యెరికోలో ఇశ్రాయేలు గూఢచారుల్ని దాచి బతికిన రాహాబు పేరుంది. చంపమన్న జనాల్లో ఒకావిడ ఆయన నాయనమ్మల్లో ఒకతె.

మరి నరకం? అది పాత నిబంధన తీర్పుల కంటే ఘోరం కదా

ఈ ప్రశ్న నిజంగా బరువైనది, చావుతో అయిపోయే శిక్ష కంటే అయిపోనిది పెద్దదే. నరకానికి యేసు వాడిన మాట గెహెన్నా, అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ, పిల్లల్ని అగ్నిలో కాల్చారని యిర్మీయా 7 తిట్టిన చోటు. సంఘంలో మొదట్నుంచీ మూడు రకాల చదువులున్నాయి: శిక్ష ఎప్పటికీ సాగుతుందని ఆగస్టీన్ లాంటివాళ్ళు, మనిషి నశించిపోతాడని కొందరు, చివరికి అందరూ తిరిగి బాగవుతారని నిస్సా గ్రెగొరీ. మత్తయి 25లో గొర్రెలు మేకల తీర్పు చూస్తే అడిగింది ఏ సంఘం అని కాదు, ఆకలేస్తే పెట్టారా, చెరసాల్లో ఉంటే వచ్చారా అని. మన దగ్గర ఉజ్జీవ కూటాల్లో నరకం చెప్పేవాళ్ళు ఈ అధ్యాయం ఎంత తక్కువ చదువుతారో గమనించండి.

ప్రకటన గ్రంథంలో యేసే చంపడానికి వస్తాడు కదా?

19వ అధ్యాయంలో తెల్లగుర్రం మీద వచ్చేవాడి బట్ట యుద్ధం మొదలవకముందే రక్తంలో తడిసుంది, కత్తి చేతిలో లేదు, నోట్లోంచి వస్తుంది. ఆ రక్తం ఆయనదే అని చాలామంది చదువుతారు, శత్రువులది అని చదివేవాళ్ళూ ఉన్నారు. 5వ అధ్యాయంలో యూదా గోత్రపు సింహం అని పిలిస్తే యోహాను తిరిగి చూస్తాడు, కనిపించింది వధించబడిన గొర్రెపిల్ల. ఇది రోమా సామ్రాజ్యం కింద నలిగినవాళ్ళ కోసం రాసిన పుస్తకం, 18లో బబులోను (రోముకి మారుపేరు) వ్యాపారుల సరుకుల లిస్టు బంగారంతో మొదలై మనుషుల ప్రాణాలతో అయిపోతుంది. 19లో చచ్చిన భూరాజులే 21:24లో కొత్త పట్టణంలోకి తమ మహిమ తీసుకొస్తుంటారు, 22లో చెట్టు ఆకులు జనాంగాల్ని బాగుచేయడానికి. ఇదంతా కలిపి చదవాలి, 19 ఒక్కటే పోస్టరు మీద వేసుకోకూడదు.

## బయట జరిగేవాటికి ముడిపెట్టేటప్పుడు

ఉప్పెన, సునామీ, కరోనా వస్తే దేవుని తీర్పు అంటారు. నమ్మాలా?

వద్దు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి యేసే ఎత్తి, వాళ్ళు యెరూషలేములో మిగతావాళ్ళ కంటే పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో కొట్టుకుపోయినవాళ్ళలో చర్చికెళ్ళేవాళ్ళున్నారు, గుడికెళ్ళేవాళ్ళున్నారు. 2004 సునామీ క్రిస్మస్ మర్నాడే వచ్చింది, వేళాంగణికి ప్రార్థనకొచ్చిన భక్తులు అక్కడే పోయారు. శవాలు వెతుక్కుంటున్న ఇంటి ముందు నిలబడి మీ పాపం అనేవాడు ప్రవక్త కాదు, యోబు స్నేహితుడు.

ఈ వచనాలు చూపించి నిజంగా జనాల్ని చంపారా?

చంపారు, ఒకటి రెండు సార్లు కాదు. 1096లో క్రూసేడుకి బయల్దేరిన గుంపులు దారిలో జర్మనీలో వర్మ్స్, మైన్స్ ఊళ్ళలో యూదుల్ని చంపాయి, క్రీస్తు రక్తానికి పగ అని. 1637లో అమెరికాలో మిస్టిక్ దగ్గర ఇంగ్లీషువాళ్ళు పీక్వాట్ జనాల ఊరికి నిప్పుపెట్టి ఆడవాళ్ళు పిల్లలతో సహా వందలమందిని కాల్చేశారు, ఆ దాడిలో ఉన్న కెప్టెన్ జాన్ అండర్‌హిల్ ఇంత క్రూరత్వం ఎందుకని అడిగేవాళ్ళు దావీదు యుద్ధాలు చదువుకోవాలని రాశాడు. 1994లో పూరీము రోజున, అమాలేకు జ్ఞాపకాన్ని తలచుకునే పండగ రోజున, యూదు అతివాది బరూక్ గోల్డ్‌స్టైన్ హెబ్రోనులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. 2023 అక్టోబర్లో గాజా యుద్ధం గురించి మాట్లాడుతూ నెతన్యాహు అమాలేకు నీకు చేసింది జ్ఞాపకం చేసుకో అన్న వచనం ఎత్తాడు, దక్షిణాఫ్రికా దాన్ని అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసులో చూపించింది, ఆ మాట హమాస్ గురించే అని ఆయన ఆఫీసు చెప్పింది.

క్రైస్తవులకి ఇంకో లెక్క కూడా ఉంది. మత్తయి 27:25లో వాని రక్తం మా మీద, మా పిల్లల మీద అన్న ఒక గుంపు కేకని పట్టుకుని వందల ఏళ్ళు యూదుల్ని దేవుణ్ణి చంపినవాళ్ళు అన్నారు. ఆ నింద ఆనాటి యూదులందరి మీదా, ఇప్పటి యూదుల మీదా వేయకూడదని క్యాథలిక్ సంఘం అధికారికంగా చెప్పింది 1965లో, అంటే యూరప్‌లో యూదుల ఊచకోత జరిగి ఇరవై ఏళ్ళయ్యాక. బతికున్న ఏ జనాన్నైనా వీళ్ళే కనానీయులు, వీళ్ళే అమాలేకు అని ఎవరైనా పులిపిట్ మీద అంటే, అక్కడే లేచి ఆపాలి, మర్యాద కోసం ఆగొద్దు.

సండే స్కూల్లో యెరికో కథ ఎలా చెప్పాలి?

గోడల చుట్టూ తిరిగి బూరలు ఊది చప్పట్లు కొట్టించి వదిలేస్తే అయిదేళ్ళ పిల్లలు హ్యాపీగానే ఉంటారు, పదేళ్ళ పిల్ల మాత్రం లోపలున్నవాళ్ళు ఏమయ్యారు మిస్ అని అడుగుతుంది. అడిగినప్పుడు వాళ్ళంతా చెడ్డవాళ్ళమ్మా అని చెప్పకండి, ఆ మాట పిల్లలు గుర్తుపెట్టుకుని స్కూల్లో వేరే మతం ఫ్రెండ్‌ని చూసినప్పుడు వాడతారు. రాహాబు ఇంట్లోంచి కథ మొదలుపెట్టండి, కిటికీకి ఎర్రదారం, లోపల అమ్మా నాన్నా అన్నదమ్ములు అందర్నీ తెచ్చి కూర్చోబెట్టుకున్న ఆవిడ. ఇది నాక్కూడా కష్టంగా ఉంటుందమ్మా అని చెప్పినా ఏం కాదు, టీచర్‌కి అన్నీ తెలియాలని లేదు. పై వారం యోనా చదివించండి, ఇశ్రాయేలుని నాశనం చేసిన అష్షూరు దేశపు పట్టణం నీనెవె, అక్కడివాళ్ళని దేవుడు వదిలేశాడని ప్రవక్త అలిగి కూర్చుంటాడు. కుడిఎడమలు తెలియని లక్షా ఇరవై వేలమంది, బోలెడన్ని పశువులు ఉన్న ఊరి గురించి నేను బాధపడకూడదా అని దేవుడు అడుగుతాడు, పుస్తకం అక్కడే అయిపోతుంది, యోనా జవాబు రాయలేదు. ఆ జవాబు పిల్లల్ని చెప్పనివ్వండి, మీరు మధ్యలో అందించకండి.